ఖాళీది కూడా పోవాలి

నేను చెడగొట్టిన పనుల్లో దేనికీ రానంత మెప్పు ఈ పనికి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

మా కంపెనీ స్టోరేజీ పెట్టెలు చేస్తుంది. లోపల నడిచేది లినక్స్ కెర్నలే. పైన ఫైల్‌సిస్టమ్, కింద డిస్కులు, నడుమ మా సొంత బ్లాక్ డ్రైవరు. పైనుంచి ఏ రాత వచ్చినా రెండు డిస్కుల మీదా రాయించి, రెండూ అయ్యాక "అయింది" అని పైకి కబురు చెప్పడం దాని ఉద్యోగం. ఈ పొరకు ఫైళ్ళూ పేర్లూ ఫోల్డర్లూ ఏమీ తెలియవు. తెలిసిందల్లా నంబర్లు వేసిన గళ్ళు. ఒక్కో గడి 512 బైట్లు. 4,096 బైట్ల గళ్ళున్న డిస్కులు వచ్చి ఏళ్ళయినా కెర్నల్ లోపలి లెక్క మాత్రం 512 లోనే సాగుతోంది, రికార్డుల్లో హెక్టార్లున్నా ఊళ్ళో ఎకరాల్లోనే మాట్లాడుకున్నట్టు.

ఆ డ్రైవరంతా ఒకే ఫైలు. ఆరు వేల లైన్ల పైమాట. రాసినాయన నేను చేరిన రెండేళ్ళకు రిటైరై తెనాలి వెళ్ళిపోయారు. పాలిటెక్నిక్ చదివి, రేడియోలు బాగుచేసే పనిలోంచి మెల్లగా కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. మేమంతా "సారు" అనేవాళ్ళం. ఆయన కోడు ఆయనలాగే ఉండేది. ఒకే సంగతికి మూడు చోట్ల మూడు పేర్లు. అడుగడుగునా గోటూలు. అచ్చం ఒకేలా కనిపించే రెండు ఫంక్షన్లు పక్కపక్కనే. కామెంట్ల ఇంగ్లీషు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఒకచోట "ఎంప్టీ ఆల్సో షుడ్ గో. డోంట్ స్టాప్ హియర్" అని ఉండేది.

నేను ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి. ఆ రెండు ముక్కల్నీ ఫొటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టాను. అందరం నవ్వుకున్నాం. మిగతాదంతా చెప్పేముందు ఇది ఒప్పుకోవాలి, ఎందుకంటే పొరపాటు అక్కడే మొదలైంది, కోడులో కాదు.

ఆ ఫైలును విడగొట్టి సర్దుతానని మేనేజరుకు చెప్పినప్పుడు నేను చూపించిన కారణాలన్నీ మంచివే. కొత్తగా చేరినవాళ్ళకు అర్థమవుతుంది. పరీక్షలు రాయడం తేలిక. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే ఒకరి మార్పులు ఇంకొకరి మీద పడవు. పైగా లినక్స్‌వాళ్ళూ ఇదే చేశారు. అక్కడ బ్లాక్ లేయరు ఒకప్పుడు డ్రైవర్ల డైరెక్టరీలో ఒక మూలన ఉండేది. 2005 చివర్లో దానికి 'బ్లాక్' అని సొంత డైరెక్టరీ వచ్చింది. అప్పటికీ అందులో పెద్ద భాగం 'ఎల్‌ఎల్ ఆర్‌డబ్ల్యూ బీఎల్‌కే' అనే ఒకే పెద్ద ఫైలు. 2008 జనవరిలో జెన్స్ యాక్స్‌బో దాన్ని కోర్, మెర్జ్, మ్యాప్, సెట్టింగ్స్, బ్యారియర్ అంటూ ముక్కలు చేశారు. ఆ ఏప్రిల్‌లో వచ్చిన 2.6.25 కెర్నల్ నుంచి ఆ విభజనే. ఇదంతా స్లైడులో పెట్టాను, తేదీలతో సహా.

పెట్టని సంగతి ఒకటుంది. ఆ ఫైలును విడగొట్టిన మనిషి అప్పటికి ఏళ్ళ తరబడి ఆ పొర బాధ్యత మోస్తున్నవాడు. 2001 చివర్లో 'బయో' అనే నిర్మాణం తెచ్చి, చదవడం రాయడం అనే పనిని కెర్నల్ మోసుకెళ్ళే తీరునే మార్చినవాడు. ఆయన తన అటక తాను సర్దుకున్నాడు. నేను ఎక్కింది పరాయివాళ్ళ అటక.

అసలు కారణం ఇంకా చిన్నది. ఎనిమిదేళ్ళు ఆ జట్టులో ఉన్నా ఆ ఫైల్లో మూడోవంతు నాకు అర్థం కాలేదు. మొదటి ఏడాదిలో అడిగితే సరిపోయేది, సారు పక్క సీట్లోనే ఉండేవారు. నాలుగో ఏడు వచ్చాక అడగడానికి మొహం చెల్లలేదు. సర్దితే అర్థం చేసుకున్నట్టే కదా అనుకున్నాను. కనీసం ఎక్కడ ఏముందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియని స్థితి వస్తుంది. గిట్‌లో 'బ్లేమ్' అని ఒక కమాండుంది, ఏ లైను ఎవరు రాశారో చూపిస్తుంది. కోడును ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి జరిపితే అన్ని లైన్ల పక్కనా జరిపినవాడి పేరే పడుతుంది. అసలు రాసినవాడి పేరు తవ్వి తీసే మార్గాలు లేకపోలేదు, కానీ అంత ఓపిక ఎవరికుంటుంది? ఒక్క రాత్రిలో ఆరు వేల లైన్లకు నేను కర్తనయ్యాను. బాగానే అనిపించింది.

ఇక ఆ రెండు కవల ఫంక్షన్ల దగ్గరికి వస్తాను.

డిస్కుకు "ఇది రాయి" అని పంపితే వెంటనే పళ్ళెం మీదికి ఎక్కించదు. తనలోనే ఉన్న చిన్న మెమరీలో పెట్టుకుని "అయింది" అనేస్తుంది. కరెంటు ఉన్నంతసేపూ ఆ మాట చెల్లుతుంది. కరెంటు పోతే ఆ మెమరీలో ఉన్నదీ పోతుంది. అందుకని కెర్నల్ చేతిలో ఇంకో ఆజ్ఞ ఉంది, ఫ్లష్. ఇంతవరకూ అయిందన్నవన్నీ నిజంగా కిందికి దించి అప్పుడు మాట్లాడు అని దాని అర్థం. (అంతకుముందు బ్యారియర్ అనే మోటు పద్ధతి ఉండేది. 2011 మొదట్లో 2.6.37తో దాన్ని సాగనంపారు.) ఈ ఫ్లష్ రెండు వేషాల్లో వస్తుంది. ఒకటి డేటా వెంటబెట్టుకుని వస్తుంది: ముందు ఫ్లష్ చేసి తర్వాత దీన్ని రాయి. రెండోది ఒట్టి చేతులతో వస్తుంది. రాయాల్సింది లేదు, సైజు సున్నా, ఫ్లష్ ఒక్కటే పని.

సారు ఈ రెండింటికీ వేరువేరు ఫంక్షన్లు రాశారు. ముప్పాతిక వంతు లైన్లు ఒకటే. నా కంటికి అది బద్ధకం. రెంటినీ కలిపి ఒకటి చేశాను. చేసి, అన్నిటికన్నా పైన ఒక షరతు పెట్టాను: సైజు సున్నా అయితే చేయడానికేమీ లేదు, "అయింది" అని చెప్పి వెనక్కి పో.

చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! చేతిలో ఏమీ లేనివాణ్ణి గుమ్మం దగ్గరే పంపించెయ్యడం. లినక్స్ సొంత రెయిడ్ డ్రైవరు ఎండీలోనూ ఇదే ప్రశ్న ఉండేది, సైజు సున్నానా అని. నేను అది చూసే రాశాను. అక్కడ ఆ ప్రశ్న ఫ్లష్ పూర్తయ్యాక వస్తుంది. నాది ఫ్లష్‌కు ముందు. ఒకే ప్రశ్న, నాలుగు లైన్లు పైకి. పై నుంచి వచ్చిన ఒట్టి ఫ్లష్‌లన్నిటికీ మా డ్రైవరు ఆ రోజు నుంచీ డిస్కు ముఖం చూడకుండానే "అయింది, అయింది" అని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. "ఎంప్టీ ఆల్సో షుడ్ గో" అన్న కామెంటు సరిగ్గా ఆ చోటే ఉండేది. ఇంగ్లీషు బాగాలేదని తీసేశాను.

నాకు ఇది తెలియకపోవడానికి వీల్లేదు. కంప్యూటర్ల వల్ల కాదు, మా నాన్న వల్ల. ఆయన కాజీపేట, డోర్నకల్ మధ్య స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేశారు. సెలవు రోజుల్లో నన్నూ తీసుకెళ్ళేవారు. బండి ప్లాట్‌ఫారం దాటుతుంటే నేను ఇంజను వైపు చూసేవాణ్ణి, ఆయన తోక వైపు చూసేవారు. చివరి పెట్టెకు 'ఎల్‌వి' అని బోర్డు ఉంటుంది, రాత్రయితే ఎర్ర దీపం. అది బరువు మొయ్యదు, మనిషిని ఎక్కించుకోదు. కానీ అది కంటపడితేనే బండి మొత్తం వచ్చినట్టు, నడిమధ్య ఏ పెట్టే తెగి లైను మీద మిగిలిపోలేదన్నట్టు. అది చూడందే వెనక స్టేషనుకు లైను ఖాళీ అని చెప్పకూడదు. ఒకసారి గూడ్సు బండి దీపం కొడిగట్టిపోయి కనిపించకపోతే, వాన్లో గొడుగు కూడా లేకుండా పట్టాల వెంట పరుగెత్తారు. నేను గదిలో కూర్చుని వేరుశనక్కాయలు తింటూ చూశాను. డ్రైవరు రాసే కొడుక్కి ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఆ రెంటినీ కలిపిన మార్పును ప్యాచ్‌గా పంపుతూ దాని పైన నేను రాసిన మాట "నో ఫంక్షనల్ చేంజ్". అంటే పనితీరులో ఏ మార్పూ లేదు, ఒట్టి సర్దుడే. కెర్నల్ రాసేవాళ్ళు చాలామంది దాని చివర 'ఇంటెండెడ్' అని ఒక తోక తగిలిస్తారు: మార్చాలనే ఉద్దేశం లేదు, ఒకవేళ మారి ఉంటే నాకు తెలియదు అని. నేనూ మొదట తగిలించాను. పంపేముందు పిరికివాడి మాటలా తోచి కొట్టేశాను. ఇంకో తప్పు కూడా అదే ప్యాచ్‌లో ఉంది. కోడును జరిపే ప్యాచ్‌లోనే దాన్ని మార్చకూడదని కెర్నల్ నియమాల్లో స్పష్టంగా ఉంది. జరపడం ఒకటి, మార్చడం ఇంకొకటి, విడివిడిగా ఉంటేనే చూసేవాడి కంటికి తేడా ఆనుతుంది. నేను రెంటినీ కలిపి ఒకే మూట కట్టాను. రివ్యూ చేసిన ఇద్దరూ వేల లైన్ల ఎరుపూ వేల లైన్ల ఆకుపచ్చా చూసి "బాగుంది" అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఎవరూ చదవలేనంత పెద్దదిగా పంపితే ఎవరూ చదవరని నాకు తెలుసు.

అప్పుడు మెప్పు వచ్చింది. ల్యాబు మూలన పాత హార్డ్ డిస్కుల పెట్టె ఒకటుంది. దాని మీద డేటాబేసు పరీక్ష నడిపితే, మిల్లీసెకన్లు పట్టే పని మైక్రోసెకన్లలో అయిపోతోంది. "సర్దితేనే ఇంత వేగమా!" అన్నాడు మేనేజరు. నేను ఆ గ్రాఫును స్లైడులో పెట్టి, లాకింగ్ తగ్గింది, కోడు దారి పొట్టిదయింది అని కారణాలు అల్లాను. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టు పూర్తికావడానికే 8.3 మిల్లీసెకన్లు కావాలి. ఈ లెక్క ప్రతి ఏడూ ఇంటర్న్‌లకు బోర్డు మీద వేసి చెప్పేది నేనే. పళ్ళెం తిరగకుండా దాని మీద రాత ఎలా పడుతుంది? నాకు ఆ ప్రశ్న రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. వచ్చింది. ఆ రాత్రి, పళ్ళు తోముకుంటుంటే. రేపు చూద్దాంలే అనుకున్నాను. మర్నాడు ఆ స్లైడు పై అధికారులకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత చూడ్డానికి ధైర్యం చాలలేదు. చూడకపోతే నిజంగానే వేగం పెరిగి ఉండొచ్చు కదా.

పరీక్షల్లో ఎందుకు దొరకలేదంటే, కరెంటు తీసేసి చూసే పరీక్షలు మేము కొత్త ఎన్‌విఎమ్ఈ డిస్కుల మీదే నడిపేవాళ్ళం. వాటిలో కరెంటు పోయినా చేతిలో పని ముగించేందుకు కెపాసిటర్లుంటాయి, ఫ్లష్ వచ్చినా రాకపోయినా వాటికి ఒకటే. పైగా మా పరీక్షలన్నీ కొత్త ఫైళ్ళు సృష్టించేవి. కొత్త ఫైలుకు పైనున్న ఫైల్‌సిస్టమ్, ఈఎక్స్‌టీ4, తన జర్నల్ రాసుకుంటుంది, అప్పుడు ఫ్లష్ డేటా వెంట వస్తుంది, అది నా షరతు దగ్గర ఆగదు. ఎప్పుడో కేటాయించిన ఫైల్లోనే మళ్ళీ పాత చోట రాసి, రాసింది డిస్కులోకి దించమనే ఎఫ్‌డేటాసింక్ అడిగినప్పుడే ఒట్టి ఫ్లష్ వస్తుంది. అలా రాసేది ఎవరయ్యా అంటే డేటాబేసులు. పోస్ట్‌గ్రెస్ తన లాగ్‌ను 16 ఎంబీ ముక్కలుగా పెట్టుకుని పాత ముక్కల్నే తిరిగి వాడుతుంది, లినక్స్ మీద మామూలుగా ఎఫ్‌డేటాసింక్‌నే పిలుస్తుంది. అంటే ఏది పోతే కొంప మునుగుతుందో సరిగ్గా దానికే నేను గండి కొట్టాను.

ఏడు నెలలకు ఒక కస్టమరు దగ్గర కరెంటు పోయింది, యూపీఎస్ అందుకోలేదు. మళ్ళీ వచ్చాక చూస్తే సాయంత్రం నమోదైన లావాదేవీలు కొన్ని లేవు. కంప్యూటరు "సేవ్ అయింది" అని చెప్పినవే. అక్కడి గుమస్తాలు రెండు రోజులు కూర్చుని కాగితం రశీదులు చూసి మళ్ళీ ఎక్కించారు. కాగితం ఉంది కాబట్టి సరిపోయింది.

దాన్ని వెతికే పని మా జట్టులో అందరికన్నా చిన్నదైన మిర్యాలగూడ అమ్మాయి మీద పడింది. మొదటి రోజే నా దగ్గరికి వచ్చింది. "అన్నా, బ్లాక్ డ్రైవర్లో ఈమధ్య పెద్ద మార్పులేమన్నా జరిగినయా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెత ఉంది కదా, నేను తడుముకోలేదు. అంతకంటే తెలివైన పని చేశాను. "సర్దుడు మాత్రమే జరిగిందమ్మా. నో ఫంక్షనల్ చేంజ్. బైసెక్ట్ చేసేటప్పుడు ఆ సర్దుడు తాలూకు పదకొండు కమిట్లు స్కిప్ చేసెయ్, టైమ్ వేస్టు. ముందు ఈఎక్స్‌టీ4 వైపు చూడు" అన్నాను.

బైసెక్ట్ అంటే మంచి వెర్షనుకూ చెడ్డదానికీ మధ్య సగంలో నిలబడి చూసి, తప్పున్న సగాన్ని మళ్ళీ సగం చెయ్యడం. వెయ్యి మార్పులున్నా పది అడుగుల్లో దొరుకుతుంది. కానీ ఇక్కడ ఒక్కో అడుగుకూ ముప్పైసార్లు కరెంటు పీకాలి, ఎందుకంటే ప్రతిసారీ డేటా పోదు. ఆమె ల్యాబులో రాత్రుళ్ళు కూర్చుని పీకింది. నేను ఆరింటికి ఇంటికి వెళ్ళాను.

ఈఎక్స్‌టీ4 వైపు చూడమన్న నోటితోనే ఇంటర్న్‌లకు 2018 కథ చెప్పేవాణ్ణి. 4.19 కెర్నల్‌లో ఫైల్‌సిస్టములు పాడవుతుంటే లోకమంతా ముందు ఈఎక్స్‌టీ4నే అనుమానించింది. డిసెంబరులో తేలిందేమిటంటే తప్పు కింద బ్లాక్ లేయర్లో ఉంది. డ్రైవరు ఒకసారి చేతిలోకి తీసుకుని, ఇప్పుడు తీరిక లేదని తిప్పి పంపిన రిక్వెస్టును మళ్ళీ వరుసలో పెట్టి, దానికి ఇంకో రిక్వెస్టును అతికిస్తోంది. డ్రైవరేమో పాత కొలతలతోనే రాస్తోంది. "పైవాణ్ణి తిట్టేముందు కింద చూసుకోండి" అని నీతి చెప్పి ఆ క్లాసు ముగించేవాణ్ణి. చప్పట్లు కూడా కొట్టేవాళ్ళు.

పదో రోజున ఆమె వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. "అన్నా, ఇంక స్కిప్ చేసిన పదకొండే మిగిలినయి. మీవే." గొంతులో కోపం లేదు, నిద్ర ఉంది. "పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ ఉంచి ఉంటే ఒక స్విచ్ మార్చి చూసేటోళ్ళం కదా, ఎందుకు తీసేసిన్రు?"

జవాబు లేదు. లినక్స్ బ్లాక్ లేయర్లో ఒకే వరుస స్థానంలో అనేక వరుసల పద్ధతి, బీఎల్‌కే ఎంక్యూ, 2014 జనవరిలో 3.13తో వచ్చింది. పాత దారిని పూర్తిగా తీసేసింది 2019 మార్చిలో, 5.0లో. ఐదేళ్ళకు పైగా రెండూ పక్కపక్కనే నడిచాయి, డ్రైవర్లు ఒక్కొక్కటిగా కొత్త దారికి వచ్చేదాకా. అది చాదస్తం అనుకునేవాణ్ణి. నేను పాత ఫైలును కొత్తవి చేర్చిన రోజు సాయంత్రమే తుడిచేశాను. ఉంచితే ఎవరైనా పోల్చి చూస్తారు.

ఆమె వెళ్ళాక తలుపేసుకుని ఆ ఫంక్షను తెరిచాను. దొరకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎక్కడ చూడాలో ఏడు నెలలుగా తెలుసు కాబట్టి.

దిద్దేముందు సారుకు ఫోన్ చేశాను. రిటైరయ్యాక చేయడం అదే మొదలు. ముందు బాగోగులు, మోకాలి నొప్పి, మనవరాలి బడి. తర్వాత నెమ్మదిగా, ఫ్లష్‌కు రెండు ఫంక్షన్లు ఎందుకు రాశారు సార్ అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఖాళీది కూడా పోవాలి కదయ్యా. కలిపేస్తే ఎవడో ఒకడు సైజు సున్నా అని ఆపేస్తాడని భయం. నేనే ఓసారి ఆపాను మొదట్లో."

ఖాళీది కూడా పోవాలి. అప్పుడు గానీ ఆ ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. ఆయన తెలుగులో అనుకుని, మాట వెంట మాట ఇంగ్లీషులో పేర్చారు. మాట పొల్లుపోలేదు, అర్థమూ పోలేదు. ఆ మాటల్ని నేను ఇంటి భాషలో విననేలేదు.

"ఆ ఫైలు అలాగే ఉందా?"

"విడగొట్టి సర్దాను సార్."

"మంచిపని చేశావు. నేనే చేద్దామనుకునేవాణ్ణి. భయమేసి ముట్టుకోలేదు." కాసేపు ఆగి, "అక్కడ ఒక కామెంటు రాశాను, ఉంచావా?"

"ఉంది సార్" అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి కూర్చున్నాను. షరతును నాలుగు లైన్లు కిందికి దించాను. దాని పైన కామెంటు మొదట నా ఇంగ్లీషులో రాశాను, వ్యాకరణం సరిగ్గా ఉంది, మూడు లైన్లు వచ్చింది. చెరిపేసి ఆయనవే రెండు వాక్యాలు, అక్షరం మార్చకుండా పెట్టాను. ప్యాచ్‌కు పేరు "ఒట్టి ఫ్లష్‌లను సరిగా పంపడం" అని పెట్టి, ఏదో కొత్త సదుపాయం చేర్చినట్టు పంపించాను. (డేటాబేసు మళ్ళీ నెమ్మదించిందేమని సేల్స్‌వాళ్ళు అడిగారు. ఆ గ్రాఫున్న స్లైడు షేర్డ్ ఫోల్డర్లో ఇంకా ఉంది.)

రివ్యూకు వెళ్ళింది ఆ అమ్మాయికే. గంటలో వచ్చింది. కోడు చదివింది, కామెంటు చదివి నవ్వలేదు.

"అన్నా, ఫిక్సెస్ లైను మర్చిపోయినట్టున్నరు."

ఏ కమిట్‌లో పుట్టిన తప్పును దిద్దుతున్నామో దాని నంబరు, మొదటి పన్నెండు అక్షరాలు, ప్యాచ్ కింద రాయాలి. అదీ రివాజు.

"మర్చిపోలేదమ్మా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను గిట్ లాగ్ తెరిచి నా కమిట్ వెతికి, ఆ పన్నెండు అక్షరాలూ కాపీ చేయకుండా చేత్తోనే కొట్టాను. ఒకటి తప్పు పడింది. ఆమె చూపించింది. దిద్దాను.